గీసే గురువే గీయించగలడు
భివండి తెలుగు బడుల్లో చిత్రలేఖన బోధన: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

పాఠశాల కాలపట్టికలో అన్నింటికంటే తేలికగా త్యాగం చేయబడే పీరియడు చిత్రలేఖనానిదే. గణితం పాఠం వెనుకబడితే దానికి, పరీక్షలు దగ్గరపడితే పునశ్చరణకు, పంద్రాగస్టు వస్తే అలంకరణ పనులకు ఆ గంటను కేటాయించడం సర్వసాధారణం. "బొమ్మలు గీస్తే కడుపు నిండుతుందా?" అన్న ప్రశ్న ఇంట్లోనూ వినిపిస్తుంది. బడిలో చిత్రలేఖనం ఉండాలా వద్దా అన్న చర్చ పాతదే. ఉన్న ఆ గంటను ఎవరు బోధిస్తున్నారు, ఆ ఉపాధ్యాయుడు స్వయంగా కుంచె పట్టే మనిషేనా అన్న ప్రశ్నను మాత్రం ఎవరూ వేయడం లేదు. బోధన ఫలితం చాలావరకు దీనిపైనే ఆధారపడి ఉంటుంది. నేత కుటుంబాలకు ఈ విషయం వివరించడం కష్టం కాదు. తెగిన పోగు ఎక్కడుందో మగ్గం నడిపిన చేతికి తెలిసినంతగా, పక్కన నిలబడి చూసినవారికి తెలియదు కదా!

సాంచెల పట్నంలో తెలుగు పిల్లలు

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాకు చెందిన భివండి పట్టణం మరమగ్గాలకు దేశవ్యాప్తంగా పేరుపొందింది. తెలంగాణలోని పాత కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి తరతరాలుగా పద్మశాలి కుటుంబాలు అక్కడికి వలస వెళ్ళాయి. పద్మానగర్, కామత్‌ఘర్ ప్రాంతాలలో నేటికీ తెలుగు మాట, బతుకమ్మ పాట వినిపిస్తాయి. సిరిసిల్ల వాసులు 'సాంచె' అని పిలిచే మరమగ్గమే ఆ ఊరి జీవనాధారం. మన సరిహద్దు పల్లెల్లో భివండితో బంధుత్వం లేని నేత కుటుంబాలు అరుదు.

అక్కడి తెలుగు పిల్లవాడు ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ మాట్లాడతాడు. కార్యాలయాల్లో, బస్సులపై మరాఠీ చదువుతాడు. మూడు భాషల మధ్య పెరిగే పిల్లలు తరగతిలో నోరు విప్పడానికి జంకడం ఉపాధ్యాయులందరికీ అనుభవమే. అటువంటి బిడ్డ తనకు తెలిసినదాన్ని తప్పొప్పుల భయం లేకుండా చెప్పగలిగే చోటు చిత్రలేఖనం నోటు పుస్తకం. పైగా ఇక్కడి పిల్లలలో కొందరు ఉన్నత పాఠశాల పూర్తి కాకమునుపే మగ్గాల పనిలోకి వెళ్ళిపోయే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. బడిపై మమకారం నిలిపే గంట ఏదైనా ఉంటే, దానిని చులకనగా చూడడం తగదు.

ఆ గంట సద్వినియోగం కావాలంటే ఉపాధ్యాయుడికి నియామక పత్రం ఒక్కటే చాలదు. వారంలో కొంతసేపైనా ఆయన తన కోసం తాను గీస్తూ ఉండాలి.

సాధన వల్ల తరగతిలో వచ్చే మార్పు

చిత్రకళ నేర్చి, ఉద్యోగంలో చేరాక కుంచె వదిలిపెట్టిన ఉపాధ్యాయుడు సాధారణంగా నల్లబల్లపై ఒక బొమ్మ వేసి, దానిని చూసి వేయమంటాడు. పిల్లలు వేస్తారు. బల్లమీది బొమ్మకు దగ్గరగా ఉన్నవారికి 'బాగుంది', లేనివారికి 'బాగులేదు' అన్న తీర్పు లభిస్తుంది. ఎందుకు బాగులేదో తెలియదు కనుక ఆ పిల్లవాడు మరుసటి వారం కూడా అదే పొరపాటు చేస్తాడు.

నిత్యం గీసే ఉపాధ్యాయుడి పద్ధతి వేరుగా ఉంటుంది. ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. చెంబు బొమ్మ వేయమంటే పిల్లలలో చాలామంది మూతిని గుండ్రంగా వేసి, అడుగును గీత పెట్టి గీస్తారు. మూతికి రెండు వైపులా మొనలు కూడా వస్తాయి. గీత చెరిపి సరిచేయడం సులభమే కాని, దానివల్ల పిల్లవాడు నేర్చుకునేది ఏమీ ఉండదు. స్వయంగా వందసార్లు చెంబు గీసి తప్పిన ఉపాధ్యాయుడికి పొరపాటు చేతిలో లేదని, చూపులో ఉన్నదని తెలుసు. ఆయన ఒక గాజు గ్లాసును పిల్లవాడి కంటికి ఎదురుగా పట్టుకుంటాడు. అప్పుడు మూతి ఒక సరళరేఖలా కనిపిస్తుంది. క్రమంగా కిందికి దించితే ఆ రేఖ విచ్చుకుని సన్నని అండాకారమవుతుంది, మరింత దించితే వెడల్పవుతుంది. మూతికంటే అడుగు కంటికి మరింత దిగువన ఉంటుంది కనుక, అడుగు వంపు మూతి వంపుకంటే ఎక్కువగా ఉండాలని పిల్లవాడు తానే కనిపెడతాడు. ఒకసారి చూసి గ్రహించినదాన్ని చెంబుకు, బిందెకు, నూలు కండెకు, బావి గట్టుకు తానే అన్వయించుకుంటాడు.

రంగుల విషయమూ అంతే. నీడ వేయాలంటే నల్లరంగు కలపాలన్నది పిల్లల సహజ అభిప్రాయం. నలుపు కలిపిన ఆకుపచ్చ తరచు మట్టిగొట్టుకుపోతుంది. ఆకుపచ్చలో పిసరంత ఎరుపు కలిపితే వచ్చే ముదురు ఛాయ మరింత సజీవంగా ఉంటుందని సీసాపై రాసి ఉండదు. తన కాగితాలు పాడుచేసుకున్నవారికే అది తెలుస్తుంది. ఖరీదైన రంగులు లేని ఇంటి పిల్లవాడికి ఎరుపు, పసుపు, నీలం మూడింటితో ఎన్ని రంగులు పుట్టించవచ్చో చూపగలిగేది కూడా అటువంటి ఉపాధ్యాయుడే. పేద తల్లిదండ్రులకు ఇది డబ్బు ఆదా చేసే విద్య.

సాధన నేర్పే మరొక గుణం సహనం. తన చిత్రమే మూడుసార్లు చెడిపోయి నాలుగోసారి కుదిరిన మనిషి, పిల్లవాడి మొదటి ప్రయత్నాన్ని చూసి విసుక్కోడు. చెడిన తన చిత్తు కాగితాలను తరగతికి తెచ్చి చూపిస్తే, "సారుకు కూడా ఒకసారికే రాదు" అన్న సంగతి పిల్లలకు గొప్ప ధైర్యమిస్తుంది. పొరపాటుకు భయపడని గుణం చిత్రలేఖనంతో ఆగదు, లెక్కలకూ భాషకూ పాకుతుంది.

రెండు కొండలు, నడుమ సూర్యుడు

'ఒక దృశ్యం గీయండి' అనగానే దేశంలో ఏ బడి పిల్లలైనా గీసేది ఇంచుమించు ఒకే బొమ్మ. రెండు త్రికోణపు కొండలు, నడుమ ఉదయించే సూర్యుడు, కిందికి జారే నది, ఒడ్డున ఒక గుడిసె, ఒక కొబ్బరి చెట్టు! మరమగ్గాల సందడి నడుమ, రేకుల షెడ్ల పక్కన పెరిగే బిడ్డ కూడా ఇదే గీస్తాడు. ఆ బొమ్మ అతడు చూసినది కాదు, ఎవరో గీయగా చూసి గీసినది.

ఈ అచ్చుబొమ్మ నుండి పిల్లలను బయటికి తీసుకురావడం ఉపన్యాసంతో కాదు. సెలవునాడు చిన్న పుస్తకం చేతబట్టి గల్లీలో కూర్చుని గీసే ఉపాధ్యాయుడు సోమవారం తరగతిలో వేసే ప్రశ్నలే మారిపోతాయి. షెడ్డు కిటికీ ఎంత ఎత్తున ఉంటుంది? కిటికీ చువ్వలపై పత్తి పీచు ఎలా పేరుకుంటుంది? రాత్రి పాళీ ముగించి వచ్చిన మనిషి గడప మీద ఎలా కూర్చుంటాడు, వీపు ఎటు వంగుతుంది? గ్రే క్లాత్ తానుల్లో కనిపించేది ఒకే తెలుపా, ఎన్ని తెలుపులు? ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ పిల్లవాడు తన ఇంటిని, తన తండ్రి పనిని మొదటిసారి శ్రద్ధగా చూస్తాడు. తండ్రి శ్రమ కాగితం మీదికెక్కి, తరగతి గోడపై నిలిచినప్పుడు ఆ బిడ్డలో కలిగే ఆత్మగౌరవానికి మార్కులతో వెల కట్టలేము.

సిద్దిపేట నుండి ఒక నిదర్శనం

ఈ మాటలకు తెలుగు నేలపైనే సాక్ష్యముంది. ప్రసిద్ధ చిత్రకారుడు కాపు రాజయ్య 1925లో సిద్దిపేటలో జన్మించి, అక్కడే చిత్రలేఖన ఉపాధ్యాయుడిగా పనిచేశారు. పల్లె స్త్రీలు, బతుకమ్మ, బోనాలు, శ్రమజీవుల దైనందిన జీవితం ఆయన చిత్రాలకు వస్తువులు. తెలంగాణలోని నకాషీ సంప్రదాయపు గీతను, చదును రంగులను ఆయన తన ఆధునిక చిత్రకళలోకి తెచ్చుకున్నారు. జాతీయ స్థాయిలో గుర్తింపు వచ్చినా సిద్దిపేటను విడువలేదు, ఆ ఊళ్ళోనే కళాసంస్థను నెలకొల్పి ఎందరికో మార్గం చూపారు. 2012లో కన్నుమూశారు.

రాజయ్య వంటి ఉపాధ్యాయుడి వద్ద చదివిన పిల్లలకు దక్కిన లాభమేమిటి? తమ వాకిట్లో తల్లి పేర్చే బతుకమ్మ చిత్రకళకు తగిన వస్తువేనని వారికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం లేకపోయింది. గురువు గీస్తున్నది కళ్ళెదుటే ఉన్నది.

నకాషీ ప్రస్తావన వచ్చింది కనుక పద్మశాలి కుటుంబాలు గుర్తుంచుకోదగిన సంగతి ఒకటుంది. చేర్యాల నకాషీలు గీసిన పొడవాటి పటాలను విప్పుతూ, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయుడి, భావనారుషి కథలు చెప్పేవారు. అంటే బొమ్మ చూసి కథ వినడం, కథలో తమ కులవృత్తిని గుర్తుపట్టడం నేత ఇళ్ళకు కొత్త కాదు. మరాఠీలో అలంకరణను 'నక్షీ' అంటారు. మన 'నకాషీ' కూడా ఆ మూలం నుండి వచ్చిన మాటే. భివండి తరగతి గదిలో ఈ రెండు మాటలను పక్కపక్కన రాసి చూపితే, పిల్లవాడికి రెండు భాషలూ ఒకేసారి దగ్గరవుతాయి.

రాజమండ్రి, సేవాగ్రామం

ఇంకొంచెం వెనుకకు వెళితే రాజమండ్రి కనిపిస్తుంది. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ఆంగ్ల సాహిత్యం బోధించేవారు. తాను కూడా చిత్రాలు గీసేవారు, రచనలు చేసేవారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటి యువకులలోని ప్రతిభను ఆయన గుర్తించగలిగారంటే, తన చేయి కూడా ఆ పనిలో ఉండడమే ముఖ్య కారణమని చెప్పవచ్చు. ఆయన ప్రోత్సాహంతో రామారావు బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. తిరిగి వచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల స్థాపించి, తాను గీస్తూనే ఇతరులకు నేర్పారు. 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచి ఆయనను బలిగొన్నది. సహచరుడు వరదా వెంకటరత్నం ఆ కృషిని కొనసాగించారు. గీసే గురువు వెళ్ళిపోయినా గీసే శిష్యులు మిగలడమే ఆ బోధన బలానికి నిదర్శనం.

మహారాష్ట్రలోనే మరో గొప్ప ఉదాహరణ ఉంది. శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద చదివిన దేవీప్రసాద్, 1944 నుండి 1962 వరకు వార్ధా సమీపంలోని సేవాగ్రామంలో గాంధీజీ 'నయీ తాలీం' పాఠశాలలో చిత్రకళ బోధించారు. ఆయన చిత్రకారుడు, కుండలు చేసే కళాకారుడు కూడా. పిల్లల చిత్రకళే విద్యకు పునాది అన్న విషయంపై ఆయన రాసిన పుస్తకం ఉపాధ్యాయ శిక్షణలో నేటికీ చదవదగినది. నూలు వడికే చేతులు, నేల దున్నే చేతులు బొమ్మలు గీయడానికీ తగినవేనన్నది ఆ పాఠశాల వాతావరణం చాటిన సత్యం.

మగ్గమే పాఠ్యపుస్తకం

భివండి ఉపాధ్యాయుడికి మరే ఊరివారికీ లేని సదుపాయం ఒకటుంది. అక్కడ ప్రతి గల్లీలోనూ పడుగు, పేక కనిపిస్తాయి. నేత డిజైను కూడా చిత్రలేఖనమే. డిజైనరు గళ్ళ కాగితంపై పని మొదలుపెడతాడు. నిలువు వరుస ఒక్కొక్కటి ఒక పడుగు పోగు, అడ్డవరుస ఒక్కొక్కటి ఒక పేక పోగు. పడుగు పైకి వచ్చిన చోట గడి నింపుతారు, కిందికి పోయిన చోట వదిలిపెడతారు. సాదా నేతను ఇలా గీస్తే చదరంగం పలక ప్రత్యక్షమవుతుంది. రెండు గళ్ళు నింపి, రెండు వదిలి, తరువాతి వరుసలో ఒక గడి పక్కకు జరిపితే ఏటవాలు గీతలు వస్తాయి. జీన్స్ గుడ్డపై కనిపించే ఏటవాలు చారలు ఈ జాతివే. పువ్వులు, లతల వంటి పెద్ద డిజైన్లకు జకార్డ్ యంత్రం కావాలి. ఫ్రాన్సుకు చెందిన జోసెఫ్ మేరీ జకార్డ్ 1804 ప్రాంతంలో రూపొందించిన ఆ యంత్రంలో, గళ్ళ కాగితంపై నింపిన గడులే అట్టపై రంధ్రాలుగా మారి, ఏ పోగు లేవాలో మగ్గానికి చెబుతాయి.

ఈ పాఠంతో గణితమూ కలిసి వస్తుంది. నాలుగు పోగులకొకసారి ఎరుపు, ఆరు పోగులకొకసారి పసుపు వస్తే, ఆ రెండూ తొలిసారి ఏ పోగు వద్ద కలుస్తాయి? పన్నెండవ పోగు వద్ద. కనిష్ఠ సామాన్య గుణిజం అన్న భారీ మాట వినకముందే పిల్లవాడు దానిని గీసి చూసేస్తాడు. అయితే ఇటువంటి పాఠం పుస్తకం చూసి తయారు కాదు. ఉపాధ్యాయుడు తాను కొన్ని డిజైన్లు గళ్ళ కాగితంపై వేసి, తప్పి, ఒక నేతన్నను అడిగి సరిచేసుకుని ఉండాలి.

ఆధునిక భారతీయ చిత్రకళలో పెద్దలు కూడా ఈ దారిలో నడిచినవారే. బరోడా విశ్వవిద్యాలయంలో బోధించిన కె.జి. సుబ్రమణ్యన్, 1959 నుండి 1961 వరకు బొంబాయిలో అఖిల భారత చేనేత బోర్డులో డిజైను విభాగపు ఉపసంచాలకుడిగా పనిచేశారు. తిరిగి బోధనకు వెళ్ళాక బొమ్మలు చేశారు, పిల్లల పుస్తకాలు రూపొందించారు, హస్తకళలకు తన పాఠాల్లో పెద్ద పీట వేశారు. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం బరోడాలో ఆయన వద్ద చదివినవారే. నుదుట పెద్ద బొట్టు, ముదురు రంగు చీరలతో వైకుంఠం గీసిన తెలంగాణ స్త్రీలు నేడు దేశవిదేశాల్లో సుపరిచితులు.

పరీక్షలు, ఉపాధి

'దీనివల్ల ప్రయోజనమేమిటి?' అని అడిగే తల్లిదండ్రులకూ సమాధానముంది. మహారాష్ట్రలో రాష్ట్ర కళా సంచాలనాలయం పాఠశాల విద్యార్థులకు ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ అనే రెండు డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు నిర్వహిస్తుంది. వస్తుచిత్రణ, స్మృతిచిత్రణ, అలంకరణ రచన, జ్యామితి–అక్షరలేఖనం వీటిలో ముఖ్యాంశాలు. అమల్లో ఉన్న నిబంధనలను బట్టి వీటికి పదో తరగతిలో అదనపు మార్కులు లభించే అవకాశం కూడా ఉంది. వివరాలను బడిలోనే అడిగి తెలుసుకోవడం మంచిది. అచ్చుబొమ్మ బట్టీపట్టిన పిల్లవాడు స్మృతిచిత్రణలో తడబడతాడు. తన సంతను, తన పండుగను చూసి గీయడం అలవాటైనవాడికి ఆ భయం ఉండదు.

తరువాతి దారులూ దూరంగా లేవు. 1857లో స్థాపితమైన జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ పొరుగున ముంబయిలోనే ఉంది. చిత్రకళా ఉపాధ్యాయ డిప్లొమా పూర్తిచేసినవారికి బడుల్లో ఉద్యోగార్హత లభిస్తుంది. వస్త్ర డిజైను, ముద్రణ, కంప్యూటరుపై డిజైను తయారీ వంటి పనులకు చేతిగీత బలమే పునాది. తండ్రి మగ్గంపై నేసిన గుడ్డకు కొడుకో కూతురో డిజైను గీసే రోజు రావడం అసాధ్యమేమీ కాదు.

అవరోధాలు, హద్దులు

ఉపాధ్యాయుడు తన కళలో మునిగిపోతే తరగతిని నిర్లక్ష్యం చేయడా అన్న సందేహం న్యాయమైనదే. బడి వేళల్లో తన చిత్రం పూర్తిచేసుకునేవాడు సాధకుడు అనిపించుకోడు. రెండో ప్రమాదం మరింత సూక్ష్మమైనది. గురువు శైలి బలంగా ఉంటే పిల్లలందరూ ఆయనలాగే గీయడం మొదలుపెడతారు. నల్లబల్ల బొమ్మకు బదులు గురువు బొమ్మ నకలు అవుతుందన్నమాట. మంచి ఉపాధ్యాయుడు తాను గీసే పద్ధతిని చూపిస్తాడు, పూర్తయిన చిత్రాన్ని నమూనాగా పెట్టడు. ఒకే కండెను ముప్పై మంది గీస్తే ముప్పై రకాలుగా రావడం ఆయనకు సంతోషం.

వ్యవస్థ వైపునా లోపాలున్నాయి. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం పదో తరగతి వరకు కళలు తప్పనిసరి కావాలని సూచించింది. 2009 విద్యాహక్కు చట్టం, వందమందికి పైగా పిల్లలున్న ప్రాథమికోన్నత పాఠశాలల్లో చిత్రకళకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలని నిర్దేశించింది. 2020 జాతీయ విద్యావిధానం ఇతర పాఠాలను కళలతో జోడించి బోధించాలంటున్నది. కాగితంపై ఉన్న ఈ మాటలకు బడిలో స్థానం దొరకాలంటే పీరియడు మిగలాలి, ఉపాధ్యాయుడికి తీరిక మిగలాలి. స్వాగత తోరణాలకు, నోటీసు బోర్డులకు మాత్రమే చిత్రకళా ఉపాధ్యాయుడిని వాడుకుంటే ఆయన చేతిలో కుంచె ఉన్నా కళ ఉండదు.

తల్లిదండ్రులు చేయగలిగినవి

ఇందుకు ఖర్చు అక్కరలేదు, కొంత శ్రద్ధ చాలు. పాఠశాల సమావేశానికి వెళ్ళినప్పుడు గణితం మార్కులతో పాటు, "ఈ నెలలో చిత్రలేఖనం గంట ఎన్నిసార్లు జరిగింది?" అని అడగవచ్చు. ఉపాధ్యాయుడు తన చిత్రాలను బడిలో ప్రదర్శిస్తే కుటుంబమంతా వెళ్ళి చూడవచ్చు, ఆ గౌరవం ఆయన సాధనకు ఊపిరి. సాంచెల షెడ్డులో యంత్రాలు ఆగిన వేళ పిల్లలను దూరం నుండి చూసి గీయనివ్వవచ్చు. మిగిలిన రంగు నూలు ముక్కలను, పాత డిజైను అట్టలను బడికి ఇవ్వవచ్చు. అన్నింటికీ మించి, బిడ్డ గీసిన బొమ్మను చూసి "ఇదేంటి?" అని ఎగతాళి చేయకుండా, "ఇక్కడ ఏం జరుగుతున్నది?" అని అడగాలి. ఆ ప్రశ్నకు బిడ్డ కథ చెబుతాడు.

మన పల్లెల నుండి బతుకుతెరువు కోసం వెళ్ళిన కుటుంబాలు భివండికి తమ చేతి నైపుణ్యాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాయి. తరువాతి తరానికి ఆ నైపుణ్యం యంత్రం ముందు నిలబడే ఓపికగా మాత్రమే మిగలాలా, ఆలోచించి రూపకల్పన చేసే శక్తిగా ఎదగాలా అన్నది ఇప్పుడు తేలవలసిన విషయం. వారానికి వచ్చే ఆ ఒకటి రెండు గంటలను కాపాడుకోవడం, గీసే గురువును ఆదరించడం అందుకు మొదటి మెట్టు.